పెళ్లి క్యాసెట్టు డీవీడీ ప్లేయర్‌లో ఆడాలంటే

మన ఇళ్లలో ప్రతి బదిలీకీ కొంత సామాను తగ్గుతుంది. మంచాలు అమ్మేస్తారు, పాత పుస్తకాలు ఎవరికో ఇచ్చేస్తారు. పెళ్లి వీడియో క్యాసెట్టు మాత్రం ట్రంకుపెట్టె అడుగున ఊరూరా తిరుగుతూనే ఉంటుంది. దాన్ని ఆడించే వీసీఆర్ ఇప్పుడు ఎవరింట్లోనూ లేదు. చివరి వరకూ వీసీఆర్లు తయారు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016లో ఆపేసింది. మన సూరత్‌లో అయితే నీళ్ల భయం కూడా ఉంది. 2006 ఆగస్టులో తాపీ వరద నగరంలో చాలా భాగాన్ని ముంచింది. తడిసిన టేపుకు బూజు పడితే దాన్ని బాగు చేయడం చాలా కష్టం.

అందుకే చాలామంది క్యాసెట్లను దుకాణంలో ఇచ్చి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటున్నారు. మన ఫోనులో చూసుకోవడానికి అది చాలు. కానీ ఊళ్లో ఉన్న అమ్మమ్మకో, తాతయ్యకో పంపాలంటే? వాళ్ల దగ్గర ఉండేది పాత టీవీ, దాని పక్కన ఒక డీవీడీ ప్లేయర్. వరాఛాలో మా ఇరుగుపొరుగు ఎక్కువమంది సౌరాష్ట్ర నుండి వజ్రాల పనికి వచ్చినవాళ్లు. లింబాయత్ వైపు తెలంగాణ నుండి మగ్గాల పనికి వచ్చిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. అందరికీ సొంత ఊళ్లో ఎవరో ఒక పెద్దవాళ్లు ఉన్నారు, కాబట్టి ఈ అవసరం మన ఒక్కరిదే కాదు.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. ఒక దుకాణంవాళ్లు ఎంపీ4 ఫైలును అలాగే ఖాళీ డిస్కు మీద రాసి ఇచ్చారు. కంప్యూటర్లో బ్రహ్మాండంగా ఆడింది. ఊళ్లో ప్లేయర్ దాన్ని గుర్తించనే లేదు. తాతయ్య మూడుసార్లు తుడిచి పెట్టి చూశారట. డిస్కులో గీతలేమీ లేవు. అది కేవలం ఫైలు దాచిన డిస్కు, డీవీడీ వీడియో కాదు.

పాత ప్లేయర్‌కు ఒకే పద్ధతి తెలుసు. డిస్కులో వీడియో_టీఎస్ అనే ఫోల్డరు ఉండాలి. దాని లోపల బొమ్మ, శబ్దం కలిసిన వీఓబీ ఫైళ్లు, ఏది ఎక్కడుందో చెప్పే ఐఎఫ్‌ఓ ఫైళ్లు, వాటి నకళ్లయిన బీయూపీ ఫైళ్లు ఉండాలి. బొమ్మ ఎంపెగ్-2 పద్ధతిలో, మన దేశపు పాల్ కొలతలో ఉండాలి. అంటే 720 అడ్డం, 576 నిలువు, సెకనుకు 25 ఫ్రేములు. శబ్దం 48 కిలోహెర్ట్జ్‌లో ఉండాలి. వీహెచ్ఎస్ టేపులో ఉన్న వివరానికి ఈ కొలత ఎక్కువే, కాబట్టి దాన్ని హెచ్‌డీగా మార్చి ఇస్తామనేవాళ్లకు అదనంగా డబ్బు ఇవ్వక్కర్లేదు.

ఈ మార్పు చేయడానికి డీవీడీ స్టైలర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఫైలును అందులో వేస్తే మార్చడం, మెనూ కట్టడం, ఫోల్డరు తయారు చేయడం అన్నీ అదే చేస్తుంది. కానీ కొన్ని సంగతులు మనం చెప్పాలి.

మొదటిది నిడివి. ఎంపీ4 ఫైలు ఎంత బరువుందో చూసి లాభం లేదు, ఎంతసేపు నడుస్తుందో చూడాలి. 4.7 జీబీ డిస్కులో 470 కోట్ల బైట్లు పడతాయి. ఒక్కో బైటుకు 8 బిట్లు, అంటే 3,760 కోట్ల బిట్లు. రెండు గంటల పెళ్లికి 7,200 సెకన్లు. భాగిస్తే సెకనుకు సుమారు 52 లక్షల బిట్లు వస్తాయి. శబ్దానికి, మెనూకు కొంత పోగా బొమ్మకు 48 లక్షలు ఇవ్వవచ్చు. బాగుంటుంది. మూడు గంటల క్యాసెట్టును ఒకే డిస్కులో కుక్కితే సెకనుకు 35 లక్షలకు మించవు. పాత టేపులో గింజగింజలుగా కదిలే దుమ్ము ఉంటుంది కదా, ఆ దుమ్మును కూడా సాఫ్ట్‌వేర్ బొమ్మే అనుకుని దాని మీద బిట్లు ఖర్చు పెడుతుంది. ఇక ముఖాలు గళ్లుగళ్లుగా విరిగిపోతాయి. రెండు డిస్కులు చేయడమే నయం. 8.5 జీబీ డబుల్ లేయర్ డిస్కులు దొరుకుతాయి గానీ, కొన్ని పాత ప్లేయర్లు వాటి దగ్గర తడబడతాయి. ఒక గంట వీడియో అయితే 80 లక్షలు పెట్టండి. 98 లక్షలు దాటడానికి డీవీడీ ఒప్పుకోదు.

రెండోది గీతల వరుస. టేపులో ప్రతి ఫ్రేమూ రెండు సగాలు: బేసి గీతలు ఒకటి, సరి గీతలు ఒకటి. ఏది ముందో తారుమారైతే నిలబడ్డవాళ్లు బాగానే కనిపిస్తారు గానీ, తలంబ్రాలు పోస్తున్న చేతులు వణుకుతాయి. అలా వణికితే సాఫ్ట్‌వేర్లో ఆ వరుస మార్చి మళ్లీ చేయాలి.

బొమ్మ ఆకారం 4:3 అని పెట్టండి. 16:9 పెడితే పెళ్లికూతురు లావైపోతుంది. మా అమ్మ దీనికి అస్సలు ఒప్పుకోలేదు!

అమెరికాలో ఉన్న బాబాయి వాళ్లకు పంపాలంటే లెక్క వేరు. అక్కడిది ఎన్‌టీఎస్‌సీ పద్ధతి, 480 గీతలు, సెకనుకు సుమారు 30 ఫ్రేములు. మన దగ్గరి ప్లేయర్లు చాలావరకు రెండూ ఆడిస్తాయి, అక్కడివి చాలావరకు పాల్‌ను ఆడించవు. వాళ్లకు ఫైలు పంపడమే సులువు.

మెనూలో అధ్యాయాలు తప్పక పెట్టండి. ఎదురుకోళ్లు, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు అని విడివిడిగా ఉంటే పెద్దవాళ్లు రిమోట్ మీద ఒక్క మీట నొక్కి కావలసిన చోటికి వెళ్తారు. లేకపోతే అరగంట బ్యాండు మేళం చూడాల్సిందే.

నేరుగా డిస్కు మీద రాయకుండా ముందు ఐఎస్‌ఓ ఫైలు చేసుకుని వీఎల్‌సీలో ఆడించి చూడండి. మెనూ పనిచేస్తే అప్పుడు డీవీడీ-ఆర్ డిస్కు మీద తక్కువ వేగంతో, 4ఎక్స్‌తో, రాయండి. చివర ఫైనలైజ్ చేయడం మరవకండి, అది చేయని డిస్కును వేరే ప్లేయర్లు చదవలేకపోవచ్చు. పైన పేరు మార్కర్‌తో రాయాలి, బాల్‌పెన్నుతో వద్దు. కాగితం అంటిస్తే తిరిగేటప్పుడు డిస్కు ఊగుతుంది.

డిస్కు తయారైంది కదా అని పెన్‌డ్రైవ్‌లోని ఫైలు తీసేయకండి. రాసే డీవీడీలో ఉండేది రంగుపొర, ఎండకూ వేడికీ పాడవుతుంది. పైగా ఎంపెగ్-2కు మార్చినప్పుడు కొంత వివరం పోతుంది, అది తిరిగి రాదు. అసలు ఫైలు రెండు చోట్ల ఉండాలి. క్యాసెట్టును కూడా పారేయకుండా నిలబెట్టి, పొడిగా ఉండే చోట దాచండి.

ఊళ్లో డిస్కు ఆడుతున్నప్పుడు మీరు పక్కన ఉండగలిగితే ఒక నోటుపుస్తకం పట్టుకుని కూర్చోండి. పందిట్లో కుడివైపు మూలన నిలబడ్డ ఆ తలపాగా ఆయన ఎవరో అమ్మమ్మకు తెలుసు, మనకు తెలియదు. ఆయన వచ్చే నిమిషం, సెకను, పేరు, వరస రాసుకుంటే ఆ కాగితాన్ని డిస్కు పెట్టెలోనే మడిచి పెట్టవచ్చు.