ఉమ్మడి సాఫ్ట్‌వేరుకు ఒక్క గొంతు

పూర్వము గ్రామములో దండోరా వినబడినప్పుడు జనులు రెండు సంగతులు విచారించెడివారు: చెప్పిన మాట యేమి? చెప్పించినవారెవరు? రెండవది తెలియనిచో మొదటిదానికి విలువ లేదు. నేడు కంప్యూటరు ప్రపంచములో ఇదే ప్రశ్న క్రొత్త రూపమున ఎదురగుచున్నది.

కొన్ని సాఫ్ట్‌వేరుల సోర్సు కోడును ఎవరైనను చదువవచ్చును, సవరింపవచ్చును, పంచుకొనవచ్చును. వీనిని ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరులందురు. 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ అట్టిది. వివిధ దేశములలోని స్వచ్ఛంద సేవకులు వందలకొలది కలసి దానిని నిర్మించుచున్నారు. వ్యాపార సంస్థకైనచో జీతముపై పనిచేయు ప్రచార విభాగముండును. మరి అందరిదీ అయిన వస్తువు తరఫున సామాజిక మాధ్యమములలో మాటాడవలసినదెవరు? ఆ మాట దానిదేయని చదువరి నమ్ముట యెట్లు?

ఇది కేవలము మర్యాదకు సంబంధించిన ప్రశ్న కాదు. 2021 డిసెంబరులో లాగ్‌ఫర్‌జె అను ఉపకరణములో పెద్ద లోపము బయటపడినది. ప్రోగ్రాములు తమ పనులను చిట్టాలో వ్రాసికొనుటకు దీనిని వాడుచుండెను. చిట్టాకెక్కు వాక్యములో ఒక ప్రత్యేకమైన వరుసను చేర్చినచో, సర్వరు ఎక్కడనో ఉన్న అపరిచితుని కోడును తెచ్చుకొని తానే నడుపును. దీనికి విరుగుడుగా 2.15.0 కూర్పు వెలువడినది. అది చాలదని 2.16.0, పిదప 2.17.0 అదే నెలలో వెలువడినవి. మొదటి ప్రకటన చదివి నిశ్చింతగా కూర్చున్నవానికి అపాయము తొలగలేదన్నమాట. కావున మంచి ప్రకటనలో కూర్పు సంఖ్య, తేదీ, మూల ప్రకటనకు లంకె తప్పక ఉండవలెను. పాత మాట తప్పని తేలినప్పుడు దానిని చాటుగా తుడిచివేయక, దాని క్రిందనే సవరణ వ్రాయవలెను.

ఇక మోసగాండ్ర సంగతి. పేరును, బొమ్మను అనుకరించి నకిలీ ఖాతా తెరచుట కష్టము కాదు. "క్రొత్త కూర్పు వచ్చినది, ఇక్కడ తీసికొనుడు" అని అందులో వ్రాసినచో ఎందరో మోసపోవుదురు. దీనికి మాస్టొడాన్ అను మాధ్యమములో చక్కని ఉపాయము కలదు. ఖాతాపుటలో సంస్థ వెబ్‌సైటునకు లంకె యుండును. ఆ వెబ్‌సైటులో "ఈ ఖాతా నాదే" అను గుర్తుతో ఖాతాకు తిరుగు లంకె యుండవలెను. మాస్టొడాన్ సర్వరు తానే ఆ వెబ్‌సైటును దర్శించి, తిరుగు లంకెను చూచి, ఖాతాపుటలో పచ్చని గుర్తు వేయును. ఇది పత్రముపై ఉభయుల సంతకములు వంటిది. నకిలీ ఖాతా తెరచినవాడు అసలు వెబ్‌సైటులో అక్షరము మార్చలేడు గదా! అయితే ఈ గుర్తు చెప్పునది, ఖాతాయు ఆ వెబ్‌సైటును ఒక్కరి చేతిలోనివేయని మాత్రమే. ఆ వెబ్‌సైటే నకిలీదైనచో పచ్చని గుర్తునకు విలువ లేదు.

అసలు ఖాతాయే దొంగలపాలైనచో? పాస్‌వర్డుతోపాటు రెండవ తాళము ఇందులకే. ఒక రహస్య సంఖ్య ఫోనులోను, సర్వరులోను దాచబడియుండును. రెండుచోట్లను ఆ రహస్యమును అప్పటి కాలముతో కలిపి గణించి ఆరంకెల సంఖ్యను తీయుదురు. సాధారణముగా 30 సెకండ్లకొకసారి అది మారును. ఆ అంకెలను చూచి రహస్యమును వెనుకకు రాబట్టుట సాధ్యము కాదు. ఫోను నంబరును మాత్రమే నమ్ముకొనుట క్షేమము కాదు. 2024 జనవరిలో అమెరికా ప్రభుత్వపు సెక్యూరిటీస్ అండ్ ఎక్స్చేంజ్ కమిషన్ ఎక్స్ ఖాతాకు ముడిపడిన నంబరును దుండగులు తమ సిమ్ము కార్డునకు మార్పించుకొని, పాస్‌వర్డు మార్చి, బిట్‌కాయిను గురించి అసత్య ప్రకటన చేసిరి. అప్పుడు ఆ ఖాతాకు రెండవ తాళము లేదు.

పదిమంది ఒకే పాస్‌వర్డును పంచుకొనుటలో మరియొక చిక్కు కలదు. ఎవరేమి వ్రాసిరో తెలియదు. ఒకరు వెళ్లిపోయినచో దానిని మార్చి, మిగిలినవారందరికి మరల తెలుపవలెను. డెబియన్ ప్రచార బృందము అనుసరించు పద్ధతి ఇందుకు మేలైనది. సోర్సు కోడును భద్రపరచు గిట్ అను సాధనములోనే చిన్న వార్తలను కూడ వ్రాసి చేర్చుదురు. వ్రాసినదెవరో, మార్చినదెవరో అందులో నిలిచియుండును. ఆ వార్తలు ముందు సొంత వెబ్‌సైటులో వెలువడి, అక్కడినుండి ఇతర మాధ్యమములకు ప్రసరించును. 2025లో ఆ బృందము ఎక్స్‌లో వ్రాయుట మానివేసినది. అయినను వార్తలు ఆగలేదు. ఊట సొంత బావిలో ఉన్నప్పుడు ఒక కాలువ మూసినంతమాత్రమున నీటికి కొదువ యేమి?

తాళములన్నియు సరిగానున్నను మాట తప్పవచ్చును. 2024 సెప్టెంబరులో గొడో అను ఆటల నిర్మాణ సాఫ్ట్‌వేరు ఖాతాలో వచ్చిన ఒక పోస్టు సాంఘిక వివాదమునకు దారితీసెను. వాదించినవారిలో కొందరిని ఖాతా నిర్వాహకులు నిరోధించిరి. తుదకు కొందరు విడిపోయి, అదే సోర్సు కోడుతో రీడో అను వేరుకుంపటి పెట్టుకొనిరి. సాఫ్ట్‌వేరులో ఏ లోపము లేకున్నను దానిచుట్టు చేరిన మనుష్యులు చీలిరి. పలువురి పేరుమీద మాటాడువాడు తన కోపమును తన సొంత ఖాతాకు విడిచిపెట్టుట మేలు. వ్రాసినదానిని ప్రకటించుటకు ముందు మరియొకరు చదువుట ఇంకను మేలు.

చదువరికిని ఒక బాధ్యత కలదు. ఖాతాలో కనబడిన లంకెను తొందరపడి నొక్కక, తనకు తెలిసిన అసలు వెబ్‌సైటునకు పోయి సరిచూచుకొనవలెను. దండోరా విన్నవాడు చెప్పించినవారెవరని అడుగుట ఆనాడును తప్పు కాలేదు, ఈనాడును కాదు.