సింకులో పోసింది ఎక్కడికి పోతుంది?

మొన్న వేసవిలో నందిగామలో మా ఇంట్లోనే మా పెద్దమ్మాయి నిశ్చయ తాంబూలాలు. అటువాళ్లూ ఇటువాళ్లూ కలిపి అరవై మంది. బూరెలు, పులిహోర, మిరపకాయ బజ్జీలు... పొద్దుటి నుంచీ మూకుళ్లు కడుగుతూనే ఉన్నాం. సరిగ్గా విస్తళ్లు వేసే వేళకి స్నానాల గదిలో నీళ్లు వెనక్కి తన్నాయి. ఆ వాసన సంగతి చెప్పక్కర్లేదు. మావారు పెళ్లివారిని పక్కింటి వసారాలో కూర్చోబెట్టారు. నాకు తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం ఒకతను వచ్చి, "ట్యాంకులో దిగి తోడేస్తానమ్మా" అన్నాడు. కంగారులో సరేననబోయాను. జగ్గయ్యపేట నుంచి వచ్చిన మా ఆడపడుచు నా చెయ్యి పట్టుకుని ఆపింది. "వదినా, లోపల విషవాయువు ఉంటుంది. దిగినవాడు అరవడానిక్కూడా టైముండదు. మనింట్లో శుభకార్యం, ఇంకొకరింట్లో ఏడుపా?" అంది. సిగ్గేసింది. అలా మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం కూడానట. మర్నాడు ట్యాంకరు పిలిపించాం.

మూత తీస్తే పైన జానెడు మందాన తెట్టు! "ఇది మరుగుదొడ్డి వల్ల కాదమ్మా, మీ వంటింటి నూనె" అన్నాడు ట్యాంకరబ్బాయి. మా మేస్త్రీ వంటింటి గొట్టాన్ని కూడా ట్యాంకుకే కలిపాడు.

సెప్టిక్ ట్యాంకులో బరువైంది అడుగున మడ్డిగా దిగుతుంది. నూనె, జిడ్డు పైకి తేలతాయి. మధ్యలో నీరు ఇంకుడు గుంటకి పోతుంది. గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు మడ్డిని కొంత కొంత అరగదీస్తాయి. మనం మెతుకులు, టీపొడి, కొబ్బరిపీచు పోస్తుంటే వాటికి అరగదు. మడ్డీ, తెట్టూ పెరిగి మధ్యన నీటికి చోటుండదు. ఆ జిడ్డు గుంటలోకి పోతే మట్టి రంధ్రాలు పూడిపోతాయి. 2022లో మేం ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాం గానీ, నేల మాత్రం ఆ పాత కృష్ణా జిల్లా మెరక నేలే. చాలాచోట్ల నల్లరేగడి. వాన పడితే ఉబ్బి, నీళ్లు అసలే తొందరగా ఇంకనివ్వదు.

మా అత్తగారి రోజుల్లో ఈ బాధ లేదు. గంజి, కూరల తొక్కు, బియ్యం కడుగు అన్నీ కుడితి తొట్టిలోకి పోయేవి. గేదె తాగేది. గేదె పోయింది, తొట్టి పోయింది, అంతా సింకులోకి వచ్చింది!

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతులివీ:

* అంట్లు వేసే ముందు మెతుకులు, ముక్కలు గిన్నెలోకి గీరేస్తాం. సింకుకి సన్నజాలీ పెట్టాం.
* మూకుడు జిడ్డుని పాత కాగితంతో తుడిచాకే కడుగుతాం. వాడేసిన నూనె సింకులో చుక్క కూడా పొయ్యం.
* ఆవకాయ జాడీ ఖాళీ అయితే వేడి అన్నం వేసి కలిపేస్తాం. జాడీ శుభ్రం, పిల్లలకి పండగ!
* బియ్యం కడుగు కరివేపాకు చెట్టుకి. తొక్కలు, టీపొడి పెరట్లో గుంటలో మట్టి కప్పి ఎరువుకి.
* యాసిడ్, బ్లీచింగ్ కుమ్మరించం. ఆ సూక్ష్మజీవులు చచ్చిపోతాయి.
* వంటింటి గొట్టానికి ట్యాంకు కంటే ముందు చిన్న తొట్టి కట్టించాం. జిడ్డు అందులో తేలితే వారానికోసారి తీసేస్తాం.
* రెండు మూడేళ్లకోసారి, నిండేదాకా చూడకుండా, ట్యాంకరుతోనే తోడిస్తాం.

పెళ్లి కూడా అయిపోయింది. ఆ రోజు కూడా వంటలు మా ఇంట్లోనే. నీళ్లు గలగలా పోతుంటే నా ప్రాణం లేచొచ్చింది. మీ ఇంట్లో శుభకార్యం ఉంటే, పందిరి వేయించే ముందు ఒకసారి ట్యాంకు మూత తీయించి చూడండమ్మా. మూత తీసినప్పుడు పిల్లల్నీ, నిప్పునీ దగ్గరికి రానివ్వకండి. ఎవరెంత తక్కువకి వస్తానన్నా, మనిషిని మాత్రం దింపకండి.