పరుషము

తెలుగు వ్యాకరణమును చేతబట్టిన విద్యార్థికి తొలిదినములలోనే పరిచయమగు మాట ‘పరుషము’. క, చ, ట, త, పలు పరుషములనియు, గ, జ, డ, ద, బలు సరళములనియు అతడు వల్లించును. ఆ పేరెట్లు వచ్చెనని అడుగువారు మాత్రము అరుదు.

సంస్కృతమున ‘పరుస్’ అనగా రెల్లు మొదలగువాని కణుపు. కణుపులుండి చేతికి గరుకుగా తగులునది పరుషము. ఆ స్పర్శగుణమే క్రమముగా చెవికి కటువైన ధ్వనికిని, మనసును గీరు మాటకును పేరైనది. ‘పౌరుషము’నకు దీనితో చుట్టరికము లేదు, అది పురుష శబ్దమునుండి పుట్టినది.

ఈ పదమును కఠినమునకు మారుగా వాడరాదు. లెక్క కఠినము కావచ్చును, పరీక్ష కఠినము కావచ్చును. వానిని పరుషములని ఎవరును అనరు. నియమము కఠినముగానుండియు, దానిని చెప్పు మాట మృదువుగా నుండవచ్చును. ఉపాధ్యాయుడు గుర్తింపవలసిన భేద మిదియే.

పరుషత్వమునకు భావరూపము పారుష్యము. భగవద్గీత 16వ అధ్యాయమున ఇది ఆసురసంపదలో చేరినది. మనుస్మృతిలోని 18 వ్యవహారపదములలో వాక్పారుష్య మొకటి. కౌటిల్యుని అర్థశాస్త్రము దీనిని మిక్కిలి సూక్ష్మముగా విచారించినది. ఒకనిని ఒంటికంటివాడనియో కుంటివాడనియో నిందించినచో, ఆ లోపము నిజమే యైనను 3 పణముల దండుగ; అబద్ధమైనచో 6 పణములు. అట్టి లోపము గలవానినే ‘చక్కని కన్నులవాడు’ అని వెక్కిరింపుగా పొగడినచో 12 పణములు! తిట్టుకంటె ఎత్తిపొడుపు మెప్పునకే శిక్ష హెచ్చు. తరగతిలో వెనుకబడిన బాలుని ‘మహాపండితుడా’ అని పిలుచు అలవాటు గలవారు ఈ లెక్కను ఒకమారు తలచుకొనదగును.

మన వ్యాకరణమున పరుషమునకు మార్దవమును నేర్పు మార్గము కూడ నున్నది. చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) చదివినవారికి సరళాదేశము పరిచితమే. ‘పూచెను’, ‘కలువలు’ కలిసినపుడు ‘పూచెనుగలువలు’ అగును. ద్రుతమను నకారపు పొత్తు వలన కకారము గకారమైనది. ద్రుత శబ్దమునకు కరగినదను అర్థము కలదు. కరగినదాని చెంత పరుషము సరళమగుట వినుటకే ఇంపైన సంగతి. అక్షరము మారినను కలువ కలువయే. అర్థమున లోపమేమియు లేదు.

తప్పును దిద్దు మాటయు అట్లే. దయతో కలిసినపుడు దాని గరుకుదనము పోవును. చెప్పదలచిన నియమము చెక్కుచెదరక నిలుచును.