మంచుదారిపై మోటారుకారు



మంచు అనగా మనకు పుష్యమాఘములలో తెల్లవారుజామున గడ్డిపోచలపై నిలుచు నీటిబొట్లు, పొలముల మీద క్రమ్ము తెల్లని పొగ. ప్రొద్దెక్కగానే అది మాయమగును. అమెరికాలోని మిన్నెసోటా, మిషిగన్ రాష్ట్రములలోను, కెనడా దేశములోను మంచు వేరు. అచ్చట అది దూదివలె ఆకాశమునుండి రాలి, మోకాలిబంటి పేరుకొని, వారముల తరబడి కరగకుండును. బండ్లు నలిపినచోట రాతివలె గట్టిపడును. పగలు కరగిన నీరు రాత్రి గడ్డకట్టి గాజుపలక యగును. మన గ్రామములనుండి వెళ్ళిన బిడ్డలు అనేకులు నేడు ఆ దారులమీదనే కారు నడుపుకొని పనులకు పోవుచున్నారు. మనుమలను చూడబోయిన పెద్దలును ఆ కార్లలోనే కూర్చుండుచున్నారు. కావున ఈ విషయము మనకు దూరమైనది కాదు.

మొదట కారు సంగతి తెలిసికొందము. మన దేశమున 2014 వరకు తయారైన అంబాసిడరు కారును మీరెల్లరు ఎరుగుదురు. దానిలో ఇంజను ముందున్నను, దాని బలము వెనుక చక్రములకు పోవును. 1983లో వచ్చిన మారుతి 800 కారులో ఆ బలము ముందు చక్రములకే పోవును. ఫ్రాన్సు దేశమున సిట్రొయెన్ సంస్థ 1934లోనే ఇట్టి కారును అమ్మకమునకు తెచ్చెను. ఎద్దులు ముందుండి బండిని లాగునట్లు ముందు చక్రములు కారును లాగును. ఇంజను బరువును ఆ చక్రముల మీదనే పడుటచే అవి నేలను అదిమి పట్టుకొనును. అందుచేత వెనుక చక్రములు త్రోయు కారు మంచులో కదలలేక ఊరక తిరుగుచున్నచోట గూడ ఈ కారు సులువుగా కదలిపోవును.

చోదకునికి భ్రమ కలుగునది ఇచ్చటనే. చక్కగా బయలుదేరిన కారు చక్కగా ఆగునని అతడు తలచును. కాని ముందు చక్రములు లాగుట బయలుదేరుటకు సాయమే గాని ఆగుటకు సాయము కాదు. ఏ కారైనను ఆగుట నాలుగు టైర్లకును నేలకును గల పట్టువలననే. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవు కారు, బ్రేకు త్రొక్కిన పిదప, పొడి తారురోడ్డు మీద సుమారు 14 మీటర్లలో ఆగును. గట్టిపడిన మంచుమీద సుమారు 50 మీటర్లు పట్టును. నున్నని మంచుగడ్డ మీద 100 మీటర్ల వరకు జారును. వేగమును సగము చేసినచో ఆ దూరము నాలుగవవంతగును. వేగము తగ్గించుటకు మించిన రక్ష లేదని ఈ లెక్కయే చెప్పుచున్నది. ముందుపోవు బండికిని మనకును నడుమ మామూలుకంటె మూడు నాలుగింతల ఎడము ఉండవలెను.

పట్టు అనునది వేసవిలో అడుగంటిన బావినీరు వంటిది. ఉన్నది కొంచెము. ఒక పనికి వాడినచో మరియొక పనికి మిగులదు. ఈ కారులో ముందు చక్రములకు మూడు పనులు కలవు: లాగుట, మలుపు త్రిప్పుట, ఆపుటలో అధికభాగము. మూడింటిని ఒకేమారు కోరినచో పట్టు తీరిపోయి చక్రము జారును. కావున మలుపు రాకమునుపే, తిన్నని దారిలో, మెల్లగా వేగము తగ్గింపవలెను. బ్రేకు వదలి మలుపు తిరుగవలెను. తిరిగిన పిదపనే మరల ఇంజనుకు బలమీయవలెను. వానకాలమున వరిగట్టు మీద నడచువాడు అడుగు అడుగుకు నిలద్రొక్కుకొని పోవునట్లే ఇదియు.

ఇంత జాగ్రత్త పడినను ఒకప్పుడు కారు జారును. స్టీరింగు త్రిప్పినను కారు తిన్నగానే పోవుచున్నచో ముందు చక్రములు జారుచున్నవని గ్రహింపవలెను. అప్పుడు మరింత త్రిప్పరాదు. యాక్సిలరేటరు మీది కాలు మెల్లగా తీసి, త్రిప్పినదానిని కొంచెము తగ్గించినచో చక్రము మరల నేలను పట్టును. కారు వెనుకభాగము ప్రక్కకు కొట్టుకొనిపోయినచో, అది ఏ వైపునకు పోవుచున్నదో ఆ వైపునకే స్టీరింగు మెల్లగా త్రిప్పి, తాను పోవలసిన దారివైపు చూపు నిలుపవలెను. అప్పుడు బ్రేకు త్రొక్కరాదు. చేతిబ్రేకు వెనుక చక్రములను బిగబట్టును గనుక పోవుచుండగా దానిని ముట్టనేరాదు. తిన్నని దారిలో హఠాత్తుగా ఆగవలసివచ్చినచో, ఏబీఎస్ అను యంత్రమున్న కార్లలో బ్రేకును గట్టిగా త్రొక్కి పట్టి యుంచవలెను. కాలిక్రింద అది అదరును. అది పనిచేయుచున్న గుర్తేగాని చెడిన గుర్తు కాదు.

టైర్లు మరియొక ముఖ్యవిషయము. వేసవి టైర్ల రబ్బరు సుమారు 7 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగువ బిరుసెక్కి పట్టు కోల్పోవును. చలికాలపు టైర్లు ఆ చలిలోను మెత్తగా నుండును. కెనడాలోని క్విబెక్ రాష్ట్రమున 2008 నుండి శీతకాలమున వీనిని చట్టమే విధించినది. ముందు చక్రములే లాగునుగదా యని కొందరు ఖర్చు తగ్గించుటకై ముందు రెండింటికే ఇవి వేయింతురు. ఇది ప్రమాదము. ముందు పట్టు హెచ్చి, వెనుక తగ్గి, మలుపులో కారు బొంగరమువలె తిరుగును. వేసినచో నాలుగును వేయవలెను.

దారులపై చల్లు ఉప్పు మంచును కరగించును గాని, సున్నాకు దిగువ 10 డిగ్రీలు దాటిన చలిలో అది అంతగా పనిచేయదు. వంతెనలకు క్రిందను పైనను చలిగాలి తగులును గనుక అవి అన్నిటికంటె ముందు గడ్డకట్టును. తడిసినట్లు నల్లగా మెరయు దారి కంటికి కానరాని మంచుగడ్డ కావచ్చును. కారు మంచులో కూరుకొని, వెచ్చదనమునకై ఇంజను నడుపవలసివచ్చినచో, ముందుగా వెనుకనున్న పొగగొట్టము చుట్టు మంచు తొలగింపవలెను. లేనియెడల వాసనలేని విషవాయువు లోపల నిండి, కూర్చున్నవారు నిద్రలోనే ప్రాణములు విడుతురు. కారు విడిచి మంచుతుపానులో నడచిపోరాదు. కంబళ్లు, నీరు, ఒక పార ఎప్పుడును కారులో నుండవలెను.

పెద్దలారా, దూరముననున్న మనమేమి చేయగలమందురేమో. మీ మాటకు మీ బిడ్డలయొద్ద బరువు కలదు. కారు నడుపుచుండగా టెలిఫోనులో పలుకరింపకుడు. పండుగకో, వేడుకకో ఆలస్యమైనదని తొందర పెట్టకుడు. “మంచు పడుచున్నదట, నేడు ఇల్లు కదలకుము నాయనా” అని మీరు ముందుగా అన్నచో, మొగమాటమున బయలుదేరబోవువాడు ఆగును. తుపాను దినమున నేర్పరియైన చోదకుడు చేయు మొదటి పని కారు తాళమును గూటిలోనే యుంచుట.