అసీలు కోడి: వర్ణనామములు, జాతిరక్షణము

తెలుగుదేశమున జాతికోడి యని వ్యవహరింపబడు పక్షికి అసీలు అని నామాంతరము. ఇది అరబ్బీపదము, స్వచ్ఛమైన వంశమున బుట్టినదని యర్థము. కర్నాలునందలి జాతీయ జంతుజన్యువనరుల సంస్థవారి దేశీయజాతుల పట్టికలో ఆంధ్రదేశము, ఒడిస్సా, ఛత్తీస్‌గఢము దీనికి బుట్టినిండ్లుగా బేర్కొనబడినవి. సంకరములేని మందలు నేడు అరుదు. ఈ జాతిని రక్షించుట యనగా దాని రక్తమును నిలుపుట మాత్రమే కాదు. దానిని గుర్తించుటకు దెలుగువారు కల్పించుకొన్న పదజాలమును నిలుపుట కూడ నని గ్రహింపవలసియున్నది.

కోడిపోరు మన వాఙ్మయమునకు గ్రొత్త కాదు. వాత్స్యాయనుని చతుష్షష్టికళలలో మేషకుక్కుటలావక యుద్ధవిధి యొకటి. వరాహమిహిరుని బృహత్సంహితయందు కుక్కుటలక్షణమునకు బ్రత్యేకాధ్యాయము కలదు. దండి దశకుమారచరిత్రమునందలి ప్రమతి కథలో నారికేళజాతి పుంజునకును బలాకజాతి పుంజునకును బోరు వర్ణితము. ఆ కావ్యమును కేతన 13వ శతాబ్దమున దెనిగించెను. కల్యాణచాళుక్యుడగు మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతమున రచించిన మానసోల్లాసమున కుక్కుటవినోదము విపులముగా జెప్పబడినది. క్రీడాభిరామము ఓరుగంటి కోడిపందెమును జూపుచున్నది. పల్నాటి వీరచరిత్రమున నాగమ్మ, బ్రహ్మనాయుడు ఒడ్డిన పందెము మాచెర్లవారి వనవాసమునకు గారణమయ్యెను. వీనినిబట్టి పుంజులయందు జాతిభేదములు పాటించుట మిక్కిలి ప్రాచీనమని స్పష్టమగుచున్నది.

అసీలు లక్షణములు సులభగ్రాహ్యములు. మొగము పొడవు, ఈకలులేనిది. శిఖ మిగుల బొట్టి. బఠాణీగింజలను వరుసగా గ్రుచ్చినట్లుండును. గదుమక్రింద వ్రేలాడు తోలు లేదనియే చెప్పవచ్చును. మెడ పొడవు, ఱొమ్ము వెడల్పు; కాళ్లు బలిసి, నిటారుగ, ఎడముగ నుండును. తోక క్రిందికి వ్రాలియుండును. ఈకలు బిరుసుగా, ఒంటి కంటుకొనియుండును. పెరిగిన పుంజు 4 మొదలు 5 కిలోలు, పెట్ట 3 మొదలు 4 కిలోలు తూగును.

వర్ణములందు మాత్రము ఈ జాతి బహువిధము. వాని పేళ్లే తెలుగువారి సొత్తు. తెల్లనిది సేతువ, నల్లనిది కాకి, ఎఱ్ఱనిది డేగ. వీపునగాని రెక్కలయందుగాని పసుపుదాల్చినది నెమలి. మెడపై నల్లని యీకలు గలది సవల; అచ్చట నలుపు తెలుపు సమముగా నున్న బర్ల. నలుపు, ఎఱుపు, పసుపు కలిసినది కౌజు. ఎఱుపున బూడిదవన్నె కలిసినది మైల. ఒక్కొక్క యీకయందే నలుపు, తెలుపు, ఎఱుపు కానవచ్చునది పూల. తెల్లని యొడలు గలిగి రెక్కలపై నల్లని, గోధుమవన్నె యీకలు గలది పింగళ. ఔత్తరాహులు తెల్లదానిని నూరీ యనియు, నల్లదానిని కాగర్ అనియు నందురు. ఆ పేళ్లే నేటి పశుశాస్త్రగ్రంథముల కెక్కినవి. తెలుగు పేళ్లు పందెపుబరులలో నిలిచిపోయినవి.

ఈ పేళ్లకు నిలయమైన కుక్కుటశాస్త్రమున రెండంశములు కలవు. ఏ తిథిని, ఏ నక్షత్రమున ఏ వన్నె గెలుచునో చెప్పునది యొకటి, అది నమ్మకము. వన్నెలను వేరుపఱచి పేరిడునది రెండవది, అది పరిశీలనము. మొదటిదానిని విడిచినను రెండవది విడువదగినది కాదు.

పెంపకమునందు గష్టములు లేకపోలేదు. పెట్ట గ్రుడ్లు తక్కువ పెట్టును. కాని చక్కగా పొదుగును. 21 దినములకు బిల్లలు వెలువడును. మగపిల్లలు చిన్ననాటనే కలియబడును గాన వానిని వేరుచేయవలెను. మంద చిన్నదైనచో రక్తసంబంధము దగ్గఱయై సంతతి క్షీణించును. కావున వేఱొకచోటి శుద్ధమైన పుంజును దెచ్చి కూర్చుట యవసరము.

ఇంగ్లండున జరిగిన మార్పు ఇచట గమనింపదగినది. అచట 1835లో కోడిపందెములు నిషేధింపబడెను. 1845లో లండను జంతుప్రదర్శనశాలలో కోళ్లప్రదర్శనము జరిగెను. 1865లో జాతిలక్షణములను నిర్ణయించు ప్రమాణగ్రంథము వెలువడెను. బరి పోయినను పక్షియు, దాని పరిభాషయు నిలిచెను. అచటి కార్న్‌వాల్ సీమలో అసీలును దేశీయపు బందెపుకోళ్లతో గలుపగా బుట్టినదే కార్నిష్ జాతి. నేటి బ్రాయిలరు కోడి పూర్వులలో నిది ముఖ్యము. కాగా మనవారు మఱచుచున్న పక్షి రక్తమే లోకమంతట భోజనపాత్రలలో నున్నది.

మనదేశమున 1960 నాటి జంతుహింసానిరోధకచట్టము జంతువులను బోరునకు బురికొల్పుట నేరమని చెప్పినది. ఐనను సంక్రాంతికి గోదావరీతీరమున బందెములు సాగుచునేయున్నవి; పందెపుపుంజునకు బలుకు వెలయే ఈ జాతిని గొంతవఱకు బోషించుచున్నది. పక్షి మనుగడ దాని చావుపై నాధారపడుట శోచనీయము. ప్రదర్శనమే దీనికి దగిన ప్రత్యామ్నాయము. ఇప్పటికే తమిళదేశమున చిలుకముక్కు, పొడుగుతోక గల పుంజుల సౌందర్యపరీక్షలు జరుగుచున్నవి. కాని అందమొక్కటే చూచినచో గీడు కలదు. ఇంగ్లండునందు ప్రదర్శనమునకై కాళ్లు, మెడ సాగదీసి పెంచిన కోళ్లు పూర్వపు దార్ఢ్యమును గోల్పోయినవి. కావున ఎముకపుష్టి, నిలుకడ, ఈకల బిరుసు ముందును, వన్నె తరువాతను బరీక్షింపవలెను.

ఇట్టి ప్రమాణగ్రంథము తెలుగున సిద్ధమగుటకు వలయు సాధనములు హైదరాబాదుననే కలవు. రాజేంద్రనగరమున 1988లో నెలకొన్న కోళ్ల పరిశోధనసంస్థ అసీలు మందను బోషించుచున్నది. అడిక్‌మెట్‌ను ఆనుకొనియున్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున ప్రాచ్యలిఖితగ్రంథాలయమును, చేరువనున్న తార్నాకలో ప్రాచీనపత్రభాండాగారమును గలవు. పక్షి యొక కొననున్నది. పాతపుస్తకములు మఱియొక కొన నున్నవి. కుక్కుటశాస్త్రప్రతులను వెదకి సరిచూచి, వానిలోని పేళ్లను సజీవమైన పక్షులతో బోల్చి నిర్ణయించుట పండితులును బశువైద్యులును గలిసి చేయదగిన పని. నెమలికిని గౌజునకును భేదమెఱిగిన పెంపకందార్లు వృద్ధులగుచున్నారు. వారుండగానే యిది జరుగవలెను. పక్షి లేని పేరు నిఘంటువున మిగులును; పేరు లేని పక్షి సంకరమున గలిసిపోవును.