ఐకాన్లకు ఊరి రూపం

కంప్యూటర్ తెర మీద కనిపించే ఫోల్డరు, చెత్తబుట్ట, ఇల్లు, డిస్కు బొమ్మలన్నీ ఆపరేటింగ్ సిస్టమ్‌తో పాటే వస్తాయి. సిస్టమ్ ఎక్కించే పెన్‌డ్రైవ్‌లో అవి ముందే ఉంటాయి. ఇన్‌స్టాలేషన్ ముగిసేసరికి హార్డ్‌డిస్కులో తమ చోటికి చేరతాయి. కంప్యూటర్ చేతికొచ్చాక ఒక్కో బొమ్మనూ మార్చుకోవడం చాలామందికి తెలిసిన పనే. అదే మార్పు ఇన్‌స్టాలేషన్ ఫైళ్లలోనే చేసిపెడితే, ఆ పెన్‌డ్రైవ్ నుంచి ఎన్ని యంత్రాలకు ఎక్కించినా అన్నీ కొత్త బొమ్మలతోనే తెరుచుకుంటాయి. ఎదిగిన చెట్టుకు రకం మార్చడానికీ, నర్సరీలోనే అంటు కట్టిన మొక్కను తెచ్చి నాటడానికీ ఎంత తేడా ఉందో మామిడి రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇక్కడి తేడా కూడా అంతే.

ఇప్పుడు అందరికీ అలవాటైన ఈ బొమ్మలు అమెరికా ఆఫీసు గదిలోంచి వచ్చాయి. 1981లో జిరాక్స్ సంస్థ తెచ్చిన స్టార్ కంప్యూటర్ తెరనే ఒక ఆఫీసు బల్లగా చూపించింది. 1984 నాటి ఆపిల్ మెకింటాష్ కోసం సుసాన్ కేర్ గళ్ల కాగితం మీద, అడ్డంగా 32, నిలువుగా 32 గడుల్లో బొమ్మలు గీశారు. అప్పటి ఆలోచనే నేటికీ నడుస్తోంది. ఫోల్డరంటే అంచున చిన్న నాలుక ఉన్న పసుపు అట్ట. ఇల్లంటే చాలాచోట్ల పొగగొట్టం ఉన్న ఇల్లు. సేవ్ చేయడమంటే ఫ్లాపీ డిస్కు.

ఎన్టీఆర్ జిల్లా రెడ్డిగూడెం మామిడితోటల నడుమ ఉన్న మండల కేంద్రం. 2022లో జిల్లాల పునర్విభజన జరిగేదాకా ఇది కృష్ణా జిల్లాలో ఉండేది. నూజివీడు రసాల పేరు చెబితే గుర్తొచ్చే నేల ఇదే. ఇలాంటి ఊరి బడిలో మొదటిసారి కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లకు ఫ్లాపీ ఏమిటో తెలియదు. ఇంటి కప్పు మీద పొగగొట్టం ఎందుకుందో అర్థం కాదు. బొమ్మ కింద ఉన్న ఇంగ్లిషు మాట చదవడం ఇంకా రాని వయసులో ఆ పిల్లకు దారి చూపాల్సింది బొమ్మే. ఆ బొమ్మే పరాయిదైతే పాఠం రెండింతలవుతుంది. ఐకాన్లు మార్చడాన్ని అలంకారం అని కొట్టిపారేయలేనిది ఇందుకే.

తెలుగులో మాటలు మారాయి గానీ బొమ్మలు చాలావరకు మారలేదు. విండోస్‌కు తెలుగు భాషా ప్యాక్ వేస్తే మెనూలు తెలుగులో కనిపిస్తాయి. ఆ మాటలు వేరే ఫైళ్లలో ఉంటాయి కనుక వాటిని మార్చినా బొమ్మలకు ఏమీ కాదు. సీ-డాక్ సంస్థ డెబియన్ లినక్స్ ఆధారంగా రూపొందించి 2007లో తెచ్చిన భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్, అంటే ‘బాస్’, తెలుగుతో సహా అనేక భారతీయ భాషల్లో పనిచేస్తుంది. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న స్వేచ్ఛ సంస్థ తెలుగువాళ్ల కోసమే ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌నూ, బడిపిల్లల కోసం ‘బాల స్వేచ్ఛ’నూ తయారు చేసింది. సిస్టమ్ మొత్తాన్ని విప్పి, మనకు కావలసినట్టు మార్చి, మళ్లీ ఒక ఇన్‌స్టాలేషన్ ఫైలుగా కట్టవచ్చని తెలుగునాట చేసి చూపించిన పని అది. ఐకాన్ల మార్పు అలాంటి పనిలో ఒక చిన్న భాగం మాత్రమే.

విండోస్‌లో ఐకాన్ అంటే ఒకే బొమ్మ కాదు, బొమ్మల కట్ట. ఒకే ఐకాన్ ఫైలులో 16, 24, 32, 48, 256 చుక్కల కొలతల్లో ఒకే రూపం వేర్వేరుగా ఉంటుంది. అవసరాన్ని బట్టి సిస్టమ్ వాటిలో ఒకదాన్ని ఎంచుకుంటుంది. ఇలాంటి వందలాది కట్టలు షెల్32, ఇమేజ్‌రెస్ అనే డీఎల్ఎల్ ఫైళ్లకు చెందినవి. 2019లో వచ్చిన విండోస్ 10 కొత్త రూపు నుంచి ఆ బొమ్మలను సిస్టమ్ రిసోర్సెస్ అనే ఫోల్డరులోకి, ఎంయూఎన్ అనే తోక ఉన్న ఫైళ్లలోకి మార్చారు. పాత పద్ధతి చదివి డీఎల్ఎల్‌లో వెతికినవారికి బొమ్మలు దొరకకపోవడానికి కారణం ఇదే.

విండోస్ ఎక్స్‌పీ కాలంలో ఈ పని కొంత తేలిక. సీడీలో ఐ386 అనే ఫోల్డరులో ఫైళ్లు నొక్కి ఉంచి ఉండేవి. షెల్32ను విప్పి, రిసోర్స్ హ్యాకర్ అనే ప్రోగ్రాముతో బొమ్మలు మార్చి, ఫైలు చెడలేదని సరిచూసే చెక్‌సమ్ సంఖ్యను సరిచేసి, మళ్లీ నొక్కి అక్కడే పెట్టేవారు. చెక్‌సమ్ మరిచిపోతే ఇన్‌స్టాలేషన్ మధ్యలో ఆ ఫైలు సరిగ్గా కాపీ కాలేదని సెటప్ మొరాయించేది.

విండోస్ విస్టా నుంచి దారి మారింది. ఇప్పటి విండోస్‌ను ఇన్‌స్టాల్ చేసే ఐఎస్ఓ ఫైలులో సోర్సెస్ ఫోల్డరు లోపల ఇన్‌స్టాల్ విమ్ అనే పెద్ద ఫైలు ఉంటుంది. మొత్తం సిస్టమ్ అందులోనే ఉంటుంది. హోమ్, ప్రో వంటి కూర్పులు వేర్వేరు సంఖ్యలతో ఒకే ఫైలులో ఉంటాయి కాబట్టి, ఎక్కించబోయే కూర్పు ఏదో చూసుకుని దాన్నే తెరవాలి. మైక్రోసాఫ్ట్ వారి డిస్మ్ అనే పనిముట్టుతో దాన్ని ఒక ఖాళీ ఫోల్డరులో విప్పి, మార్పులు చేసి, భద్రపరచి మూసేయవచ్చు. ఆ తర్వాత ఓఎస్‌సీడీఐఎంజీ అనే పనిముట్టుతో కొత్త ఐఎస్ఓ కట్టాలి. ఇన్‌స్టాల్ విమ్ 4 జీబీ దాటితే ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో పట్టదు. అప్పుడు దాన్ని ముక్కలు చేయాల్సి వస్తుంది.

విప్పడం సాధ్యమే కదా అని సిస్టమ్ ఫైళ్లనే తిరగరాయడం మాత్రం మంచిది కాదు. ఆ ఫైళ్ల యాజమాన్యం ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ పేరిట ఉంటుంది. ప్రతి ఫైలూ ఎలా ఉండాలో చెప్పే గుర్తులు సిస్టమ్ దగ్గర ఉంటాయి. మార్చిన ఫైలు ఆ గుర్తుతో సరిపోదు. సిస్టమ్ ఫైల్ చెకర్ నడిపితే అది తప్పు పట్టి అసలు ఫైలును తెచ్చి పెడుతుంది. నెలవారీ అప్‌డేట్ వచ్చినా అదే జరగవచ్చు. ఇంత శ్రమా ఒక్క అప్‌డేట్‌తో పోతుంది.

తెలివైన దారి వేరే ఉంది. సిస్టమ్ ఫైళ్లను ముట్టుకోకుండా, కొత్త ఐకాన్లను విప్పిన ఇన్‌స్టాల్ విమ్‌లో వేరే ఫోల్డరులో పెట్టాలి. తర్వాత అందులోనే సిస్టమ్ సెట్టింగులు ఉండే రిజిస్ట్రీని తెరిచి, ఎక్స్‌ప్లోరర్ విభాగంలో షెల్ ఐకాన్స్ అనే చోట ఫలానా సంఖ్యకు ఫలానా బొమ్మ అని రాయాలి. అక్కడ 3 అంటే మూసిన ఫోల్డరు, 4 అంటే తెరిచిన ఫోల్డరు. అసలు ఫైళ్లు చెక్కుచెదరవు కాబట్టి చెకర్‌కు అభ్యంతరం ఉండదు, అప్‌డేట్‌కు తుడిచేయాల్సినదీ ఉండదు. అన్ని బొమ్మలూ ఈ దారిన మారవు గానీ, రోజూ కంటపడే ముఖ్యమైనవి కొన్ని మారతాయి. బొమ్మ మారాక కూడా తెర మీద పాతదే కనిపిస్తుంటే సిస్టమ్ దాచుకున్న ఐకాన్ క్యాష్‌ను ఖాళీ చేయాలి.

లినక్స్‌లో ఈ తిప్పలు చాలావరకు ఉండవు. అక్కడ ఐకాన్లు ప్రోగ్రాముల కడుపులో కాకుండా బయట, యూఎస్ఆర్ షేర్ ఐకాన్స్ అనే ఫోల్డరులో థీములుగా ఉంటాయి. ఫ్రీడెస్క్‌టాప్ వారి నియమాల ప్రకారం ప్రతి బొమ్మకూ ఒక నిర్ణీతమైన పేరు ఉంటుంది. ఫోల్డరుకు ఫోల్డర్, చెత్తబుట్టకు యూజర్ ట్రాష్, సేవ్‌కు డాక్యుమెంట్ సేవ్ అన్నట్టుగా. ఆ పేరుతో కొత్త బొమ్మ పెడితే చాలు, సిస్టమ్ దాన్నే చూపిస్తుంది. థీములో ఇండెక్స్ డాట్ థీమ్ అనే చిన్న ఫైలు ఉంటుంది. ఏ కొలత బొమ్మ ఏ ఫోల్డరులో ఉందో, మన దగ్గర లేని బొమ్మను ఏ థీములో వెతకాలో అందులో రాస్తారు. ఎక్కడా దొరక్కపోతే సిస్టమ్ చివరగా హైకలర్ అనే థీములో వెతుకుతుంది. ఈ అమరిక వల్ల ఒక బడి కోసం పని చేసేవారు వందల బొమ్మలు గీయనక్కర్లేదు. పదిహేను గీసి, మిగతావి టాంగో వంటి స్వేచ్ఛా థీముల నుంచి అరువు తెచ్చుకోవచ్చు.

రెడ్డిగూడెం బడి పిల్లల కోసం అలాంటి థీమ్ ఒకటి తయారు చేయాలనుకుంటే, మొదట తేల్చుకోవాల్సింది దేన్ని మార్చాలి, దేన్ని వదిలేయాలి అన్నది. ఇల్లు మారాలి. పొగగొట్టం తీసేసి పెంకుటిల్లో డాబానో గీస్తే పిల్లలు ఇట్టే పోల్చుకుంటారు. ఫోల్డరు స్థానంలో ట్యాగుతో కట్టిన ఫైలు అట్ట పెట్టవచ్చు. పంచాయతీ ఆఫీసులోనూ బడి ఆఫీసులోనూ కనిపించేది అదే. చెత్తబుట్ట అన్నిచోట్లా చెత్తబుట్టే, దాన్ని కదపనక్కర్లేదు. ప్రోగ్రాముల గుర్తులను అసలు ముట్టుకోకూడదు. ఫైర్‌ఫాక్స్ నక్క బొమ్మను మార్చేస్తే, రేపు వేరే కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్ల దాన్ని గుర్తుపట్టలేదు.

మామిడికాయ పెట్టాలన్న ఆశ ఎవరికైనా కలుగుతుంది. పెట్టవచ్చు, కానీ ఒక్కచోటే. సెట్టింగులకూ కాయ, డౌన్‌లోడ్‌కూ కాయ అంటే ఏ కాయ దేనికో తెలియక బొమ్మ తన పనే మానేస్తుంది. చిన్న కొలతలో గీయగలిగేదెంతో కూడా చూసుకోవాలి. 16 అడ్డం, 16 నిలువు అంటే మొత్తం 256 చుక్కలు. అందులో చిన్నరసానికీ బంగినపల్లికీ తేడా చూపించడం కుదరదు. ముక్కు తేలిన తోతాపురి మాత్రం కొంచెం తెలుస్తుంది. ఒంపు తిరిగిన కాయ, పైన ఒక ఆకు, చుట్టూ ముదురు గీత, అంతకు మించితే మరకలాగా కనిపిస్తుంది. అందుకే ఇంక్‌స్కేప్‌లో ఎస్‌వీజీ పద్ధతిలో పెద్ద బొమ్మ గీసినా, 16 చుక్కల బొమ్మను విడిగా, వివరాలు తగ్గించి గీయాలి. లేత రంగు తెర మీదా నల్ల తెర మీదా పెట్టి చూడాలి.

బొమ్మలు సిద్ధమయ్యాక ఐఎస్ఓను విప్పాలి. డెబియన్ లైవ్ ఐఎస్ఓలో సిస్టమ్ మొత్తం స్క్వాష్ఎఫ్ఎస్ పద్ధతిలో నొక్కిన ఒకే ఫైలుగా ఉంటుంది. దాన్ని రూట్ అధికారంతోనే విప్పాలి. మామూలు యూజరుగా విప్పితే ఫైళ్ల యాజమాన్యాలు చెదిరిపోయి, కట్టిన సిస్టమ్ సరిగా నడవదు. థీమ్ ఫోల్డరును దాని చోటికి కాపీ చేసి, క్రూట్ ఆదేశంతో ఆ సిస్టమ్ లోపలికి వెళ్లి, ఐకాన్ క్యాష్ కొత్తగా తయారు చేయాలి.

అక్కడితో సగమే అయినట్టు. థీమ్ పెట్టినంత మాత్రాన సిస్టమ్ దాన్ని వాడదు, మొదటి నుంచీ అదే వాడమని చెప్పాలి. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో అయితే జీస్కీమా ఓవర్‌రైడ్ అనే చిన్న ఫైలులో ఐకాన్ థీమ్ పేరు రాసి, స్కీమాలను మళ్లీ కంపైల్ చేస్తే, కొత్తగా సృష్టించే ప్రతి యూజరుకూ ఆ థీమే వస్తుంది. బొమ్మ కింది పేర్లు తెలుగులో కనిపించాలంటే లోహిత్ తెలుగు వంటి ఫాంటును కూడా ఇదే సమయంలో చేర్చాలి. తర్వాత స్క్వాష్ఎఫ్ఎస్ ఫైలును మళ్లీ కట్టి, చెక్‌సమ్‌ల జాబితా సరిచేసి, జోరిసో అనే ప్రోగ్రాముతో కొత్త ఐఎస్ఓ తయారు చేస్తారు. ఇదంతా చేత్తో చేయడం కష్టమనిపిస్తే డెబియన్ వారి లైవ్‌బిల్డ్ ఉంది. చేర్చాల్సిన ఫైళ్లను చెప్పిన ఫోల్డరులో పెడితే మిగతా పని అదే చేస్తుంది. పక్కనే నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదివే కంప్యూటర్ విద్యార్థులకు ఇది చేతికందే ప్రాజెక్టు.

కొత్త ఐఎస్ఓను నేరుగా బడి కంప్యూటర్ల మీద ప్రయోగించకూడదు. వర్చువల్‌బాక్స్ వంటి దానిలో పూర్తిగా ఇన్‌స్టాల్ చేసి, కొత్త యూజరును సృష్టించి, ఒకసారి అప్‌డేట్ చేసి, బొమ్మలు నిలిచాయో లేదో చూడాలి. థీమ్‌ను డెబ్ ప్యాకేజీగా కట్టి చేర్చితే, తర్వాత ఒక బొమ్మ దిద్దాల్సి వచ్చినా ఐఎస్ఓ మళ్లీ కట్టకుండా అప్‌డేట్‌గా పంపవచ్చు.

పంచిపెట్టే ముందు లైసెన్సు సంగతి చూసుకోవాలి. మార్చిన విండోస్ ఐఎస్ఓను ఇతరులకు పంచడానికి మైక్రోసాఫ్ట్ అనుమతి లేదు. విండోస్ ఐకాన్లను తీసి వేరే సిస్టమ్‌లో వాడటమూ తప్పే. డెబియన్‌లోని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను మార్చి పంచవచ్చు. టాంగో బొమ్మలను వాటి కర్తలు 2009లో అందరి ఆస్తిగా వదిలేశారు కాబట్టి వాటికి ఏ షరతూ లేదు. జీపీఎల్ అనే లైసెన్సు కింద ఉన్న థీముల నుంచి తీసుకుంటే మార్చిన బొమ్మలను కూడా అదే లైసెన్సు కింద, మార్చుకోవడానికి వీలైన మూల ఫైళ్లతో సహా ఇవ్వాలి. బడి పిల్లలు గీసిన బొమ్మలు థీములోకి ఎక్కితే, ఆ బొమ్మలను ఎవరైనా వాడుకోవచ్చని వారి తల్లిదండ్రుల సమ్మతి తీసుకుని, ఆ విషయాన్ని ప్యాకేజీలోని కాపీరైట్ ఫైలులో రాయాలి.