సెకనులో 24వ వంతు

ఈ వారం ముఖచిత్ర కథకు ఎడిటర్ గారిచ్చిన అంశం: ఒకే సీట్లో కూర్చుని మూడు సినిమాలు వరసగా చూసే ప్రదర్శనలు. శుక్రవారానికి కథనం చేతికివ్వాలి. వివరాల కోసం ఫోన్లు చేస్తుంటే, ఒకప్పుడు అమెరికాలో చదువుకున్న మిత్రుడొకడు ‘‘నా దగ్గర ఒక వస్తువుంది, వచ్చి చూడు’’ అన్నాడు. అది చూశాక మిగతా ఫోన్లు చేయబుద్ధి కాలేదు.

2003 డిసెంబర్ 16, మంగళవారం. అమెరికా, కెనడాల్లోని కొన్ని థియేటర్లలో ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ మూడు భాగాలూ వరసగా వేశారు. మొదటి రెండూ నిడివి పెంచినవి: 208, 223 నిమిషాలు. మూడోది ‘ద రిటర్న్ ఆఫ్ ద కింగ్’, 201 నిమిషాలు. అది మరునాడు విడుదల కావాల్సిన సినిమా. ‘ట్రిలజీ ట్యూస్‌డే’ అని పేరు పెట్టిన ఆ ప్రదర్శనకు వచ్చినవాళ్లకు ఒక జ్ఞాపిక ఇచ్చారు. అందులో ఒక్కో సినిమా నుంచి ఒక్కో ఫ్రేము, అసలు ఫిల్ము ముక్కలే, బిగించి ఉన్నాయి. ఎవరికి ఏది వస్తే అది.

మిత్రుడు ఆ రోజు తనకొచ్చిన జ్ఞాపికను కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టాడు. రాజు లేడు, మాంత్రికుడు లేడు, యుద్ధం లేదు. మొదటి దాంట్లో గడ్డి వాలు మీద నడిచిపోతున్న చిన్న చిన్న ఆకారాలు. రెండో దాంట్లో పక్కకు తిరుగుతూ చెదిరిపోయిన ఒక ముఖం. తెర మీద ఆ చెదురు మనకు తెలియదు. సెకనుకు 24 ఫ్రేములు పరుగెడుతుంటే అదే సాఫీ కదలికగా కనిపిస్తుంది. మూడో దాంట్లో బూడిదరంగు రాళ్లు, వాటి మధ్య ఒక చెయ్యి. రెండో దాంట్లోని ముఖం సన్నగా, పొడుగ్గా ఉండటం చూసి ఆశ్చర్యపోయాను. స్కోప్ ప్రింటులో బొమ్మను అడ్డంగా నొక్కి ముద్రిస్తారు, ప్రొజెక్టర్ లెన్సు దాన్ని రెండింతల వెడల్పుకు సాగదీస్తుంది. అంచున వంకర గీతలా ఉన్నది శబ్దం. రంధ్రాల మధ్య బూడిదరంగు గళ్లు కూడా శబ్దమే, డిజిటల్‌ది. మన ఊళ్లలో టాకీసు వెనకాల ఏరుకున్న ఫిల్ము ముక్కల్ని ఎండకేసి చూసిన పిల్లలందరికీ ఈ ఆనందం తెలుసు.

‘‘పెద్ద సీను ఒక్కటీ రాలేదే’’ అన్నాను. ‘‘ఆ సినిమాలో ఎక్కువ ఏముంది రా, నడకేగా!’’ అన్నాడు. ఆ మాట దగ్గరే నాకు కథనం దొరికింది.

మొదటి భాగంలో, కథానాయకుడు ఫ్రోడో వెంట ప్రయాణం మొదలుపెట్టిన స్నేహితుడు శామ్ ఒక మొక్కజొన్న చేలో ఆగిపోతాడు. ఇంకో అడుగు వేస్తే ఇంటి నుంచి తాను ఎన్నడూ వెళ్లనంత దూరం. మూడో భాగం చివర్లో నడవలేని ఫ్రోడోను భుజానికెత్తుకుని అగ్నిపర్వతం ఎక్కేదీ అతనే. విడుదలైనప్పుడు చూసినవాళ్లకు ఈ రెంటి మధ్య రెండేళ్లు. ఆ మంగళవారం కూర్చున్నవాళ్లకు దాదాపు తొమ్మిది గంటలు. ‘‘నడుం పట్టేసింది, కళ్లు మండుతున్నాయి. అప్పుడు వాడు ఫ్రోడోను ఎత్తుకున్నాడు. ఆ బరువు నాకు తెలిసింది’’ అన్నాడు మిత్రుడు. నేను నమ్ముతాను. అలసట కూడా ఈ కథలో భాగమే. వారానికొకటి చొప్పున ఇంట్లో సోఫాలో చూస్తే కథ తెలుస్తుంది, దూరం తెలియదు.

పెంచిన నిడివి కూడా ఊరికే సాగదీత కాదు. దారిలో ఎల్ఫ్ దొరసాని గలాడ్రియెల్ శామ్‌కు తాడు కానుకగా ఇవ్వడం, రెండో భాగం మొదట్లో ఆ తాడుతోనే కొండ దిగడం, రెండూ పొడుగు ప్రతుల్లోనే ఉన్నాయి. వరసగా చూసినవాళ్లకు ఆ కానుక ఇంకా జ్ఞాపకంలో ఉండగానే దాని అవసరం వస్తుంది.

ఇక చరిత్ర, గబగబా: టోల్కీన్ ఒకే నవలగా రాసింది 1954–55లో మూడు సంపుటాలుగా వచ్చింది. న్యూజిలాండ్ దర్శకుడు పీటర్ జాక్సన్ మూడు సినిమాలనూ కలిపి 1999 అక్టోబర్ నుంచి 2000 డిసెంబర్ దాకా చిత్రీకరించారు. 2001, 2002, 2003 డిసెంబర్లలో విడుదలయ్యాయి. చివరిదానికి 11 నామినేషన్లు, 11 ఆస్కార్లు.

ఫిల్ము లెక్క
35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. ఆ మూడు సినిమాలకు 632 నిమిషాలు, అంటే 17 కిలోమీటర్లకు పైగా ఫిల్ము, 9 లక్షలకు పైగా ఫ్రేములు. మిత్రుడి దగ్గరున్నవి మూడు.

మన దగ్గర
శివరాత్రి జాగారానికి తెల్లవార్లూ ఆటలు వేసే థియేటర్లు మనకు కొత్త కాదు. 2025 అక్టోబర్ 31న ‘బాహుబలి’ రెండు భాగాలనూ కలిపి ‘బాహుబలి: ది ఎపిక్’గా విడుదల చేశారు. కానీ అయిదు గంటలకు పైబడిన కథను మూడు గంటల ముప్పావుకు కుదించారు. ఆ కత్తిరింపు నాకు నచ్చలేదు. ఏదో ఒక శివరాత్రికి రెండూ పూర్తి నిడివితో వరసగా వేస్తే నేను మొదటి ఆట నుంచే కూర్చుంటాను.